కొత్తగూడ బండమీద ఇరవైమూడు చుక్కలు

ఈ ప్రయాణానికి కారణం మా అక్క కూతురు సుభద్ర నోరు. డెబ్బై మూడో, నాలుగో, ఏడాది సరిగ్గా గుర్తులేదు. బి.యస్సీ. చివరి సంవత్సరం చదువుతున్న ఈ పిల్ల వృక్షశాస్త్రం క్లాసులో లేచి నిలబడి, "బండలమీద పెరిగే లైకెన్లూ మన వాకిట్లో ముగ్గులూ ఒకే పద్ధతిలో నడుస్తాయండీ" అంది.

లైకెన్ అంటే మరేం లేదు. రాళ్ళమీద బూడిదరంగులో, అప్పడాల్లా గుండ్రంగా అతుక్కుని ఉంటాయే, ఆ మచ్చలు. ప్రతి మచ్చా ఒక చుక్క దగ్గర పుట్టి నాలుగువైపులా పెరుగుతుందట. పక్క మచ్చ ఎదురైన చోట ఆగిపోతుందట. దానిమీద ఇది ఎక్కదు, దీనిమీద అది ఎక్కదు. చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గులో గీత కూడా చుక్కను ముట్టుకోకుండా రెండు చుక్కల నడుమనుంచే పోతుంది కదా, అదీ ఇదీ ఒకటేనని పిల్ల వాదన.

లెక్చరరుగారు నవ్వారు. ఆయన నవ్వాక క్లాసంతా నవ్వింది. "ముగ్గులు వెయ్యడానికి సైన్సు దాకా రావడం దేనికమ్మా? సరే, రుజువు చూపించు. ఒక బండ మొత్తం కాగితం మీదికి ఎక్కించి ఆదివారం రాత్రి ఎనిమిదిలోగా మా ఇంటికి తీసుకురా. సోమవారం పొద్దున్నే రికార్డులన్నీ పరీక్షకు పంపేస్తున్నాను. రుజువు లేకపోతే నీ రికార్డుమీద నా సంతకం ఉండదు" అన్నారు. సంతకం లేని రికార్డు పట్టుకువెళితే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. ప్రాక్టికల్ పోతే ఏడాది పోయినట్టే.

ఒంటరిగా పంపనని అక్క అంది. ఆదివారం నిద్ర లేవనని బావగారు అన్నారు. మిగిలింది నేను. నలభై ఆరేళ్ళవాణ్ణి, సర్కారు ఆఫీసులో గుమాస్తాని, నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో నియమం. "మామయ్య వస్తే చాలు. కాని అక్కడ ఎవరితోనూ మాట్లాడకూడదు" అని సుభద్ర షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.

నాంపల్లిలో ఆరూ యాభైకి బయల్దేరవలసిన పాసింజరు ఏడూ పదికి కదిలింది. సామాను: అక్క కట్టిచ్చిన పులిహోర, మరచెంబు, భూతద్దం, సుద్దముక్కల డబ్బా, రికార్డు పుస్తకం, చాపచుట్టంత ట్రేసింగ్ కాగితం. ఆ చుట్టను చూసి టికెట్ కలెక్టరు, "ఇందులో ఏముంది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే సుభద్ర నా కాలు తొక్కింది.

బేగంపేటలో ఒక ముసలి వంటమనిషి ఎక్కాడు. తెల్లగడ్డం, భుజాన తువ్వాలు, వెంట ముగ్గురు మనుషులు కూర్చోగలిగినంత రాగి దేగిసా. అది తలుపులో ఇరుక్కుంది. దాన్ని లోపలికి లాగడానికి రైలు నాలుగు నిమిషాలు ఆగింది. గార్డు కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. ఎక్కాక దేగిసాకే కిటికీపక్క చోటు దొరికింది, వంటమనిషి నిలబడ్డాడు. హఫీజ్‌పేటలో పెళ్ళట.

"మీరేడికి పోతున్నరు బేటీ?" అని సుభద్రను అడిగాడు. ఆమె రికార్డులో తాను గీసిన లైకెన్ బొమ్మ చూపించింది.

"అరే, పత్తర్ కా ఫూల్! బిర్యానీ మసాలల ఏస్తం గద. కానీ కొత్తగూడ బండలది ఒద్దు. గది శానా జిద్దుది. గోకితే రాయి వస్తది, ఫూల్ రాదు."

సుభద్ర వెంటనే రాసుకుంది, "గోకితే రాయి వస్తుంది" అని. ఇరవై ఏళ్ళుగా నేను చెప్పినవాటిలో ఒక్క ముక్కా ఈ పిల్ల ఎక్కడా రాసుకోలేదు.

ఎనిమిదీ పదికి హఫీజ్‌పేటలో దిగాం. దిగింది మేమిద్దరం, వంటమనిషి, దేగిసా. అక్కణ్ణుంచి కొత్తగూడకు నడకే. ఎడ్లబండి దారి, గంట పడుతుంది. నీళ్ళు స్టేషన్లోనే పట్టుకోండి, మధ్యలో దొరకవు. దారి పొడుగునా సీతాఫలం పొదలు, తుమ్మలు, వాటి నడుమ బండలు. నడుమ అనడం తప్పు. బండల నడుమ అక్కడక్కడ ఊళ్ళు ఉన్నాయి. ఒకచోట ఏనుగంత బండ మూడు చిన్నరాళ్ళమీద, పొయ్యిమీద పప్పుగిన్నెలా కూర్చుని ఉంది. దాని అడుగునుంచి దూరి అవతలికి వచ్చాను. నేను కింద ఉండగా అది ఆవలించింది. సుభద్ర గాలి అంటుంది. ఇంకొక బండ పొద్దున వెళ్ళేటప్పుడు దారికి ఎడమపక్కన ఉంది, సాయంత్రం వచ్చేటప్పుడు కుడిపక్కన ఉంది. దీనికి కూడా ఆ పిల్ల దగ్గర సమాధానం ఉంది కాని, రాస్తే బండకు గౌరవం పోతుంది.

బండను ఎంచుకోవడంలో సుభద్ర, పెళ్ళిచూపులకు వచ్చిన మగపెళ్ళివారికంటే ఎక్కువ పట్టింపు చూపించింది. ఒక బండ మరీ వాలుగా ఉంది. ఒకదానికి మచ్చలు చాలవు. ఒకదానిమీద తొండ ఉంది, అది లేవనంది. చివరికి కొత్తగూడ ఊరి వెనక, ఆఖరి ఇళ్ళను ఆనుకుని, నేలకు సమంగా పరుచుకున్న బండ నచ్చింది. రెండు నులకమంచాలు పక్కపక్కన వేసినంత ఉంటుంది. దానిమీద ఇరవైమూడు మచ్చలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఒక్కొక్క మచ్చకు నడిబొడ్డున సుద్దముక్కతో ఒక చుక్క పెట్టింది. ఆ తరవాత బండ సగంమీద ట్రేసింగ్ కాగితం పరిచి, మోకాళ్ళమీద పాకుతూ మచ్చల అంచులన్నీ పెన్సిలుతో ఎక్కించింది. పదకొండు మచ్చలు ఎక్కేసరికి పన్నెండయింది. మిగిలిన పన్నెండూ భోజనం తరవాత చేద్దామనుకున్నాం.

ఆమె పనిచేస్తున్నంతసేపూ నేను గట్టుమీద నోరు మూసుకుని కూర్చున్నాను. అలా మూడు గంటలు. ఇంతలో తలమీద గడ్డిమోపుతో ఒక ముసలమ్మ, వెనక ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ముసలమ్మ పేరు ఎల్లవ్వ అని తరవాత తెలిసింది.

"ఏంది సారూ, గా పిల్ల బండకు బొట్లు పెడ్తుంది?"

చూశారా, అడిగింది నన్ను. మూడు గంటలు కట్టేసిన నాలుక.

"ఈ బండను చూడ్డానికి రేపు ఢిల్లీనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారవ్వా. పద్నాలుగు కార్లు."

"గిండ్ల ఏమున్నది సూడనీకె?"

"అది తెలియకే వస్తున్నారు."

ఎల్లవ్వ బండవంక చూసింది. చుక్కలవంక చూసింది. ఇస్త్రీ చేసిన నా చొక్కావంక చాలాసేపు చూసింది. గడ్డిమోపు సర్దుకుని వెళ్ళిపోయింది. నమ్మలేదనుకుని కొంచెం నొచ్చుకున్నాను కూడా.

పన్నెండున్నరకు కాగితం చుట్టి పట్టుకుని వెళ్ళి, అవతల ఒక చింతచెట్టు కింద పులిహోర తిన్నాం. తిన్నాక ఇద్దరికీ కన్ను మూతపడింది. లేచేసరికి రెండూ పది. బండవైపునుంచి ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

వెళ్ళి చూస్తే బండ లేదు. ఉండవలసిన చోట ఎర్రమన్నూ పేడా కలిపి మందంగా, నున్నగా అలికిన అరుగు ఉంది. దానిమీద పాలలాంటి తెల్లని ముగ్గు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చుట్టూ నిలబడి, చేతులు తుడుచుకుంటూ, మా ముఖాల్లోకి చూస్తున్నారు.

"ఎట్లుంది బిడ్డా?" అంది ఎల్లవ్వ. "ఢిల్లీ దొరలొస్తుంటె ఉత్త బండ పెడ్తమా? చుక్కలు పెట్టి కలపకుండ ఇడిసిపెట్టి పోయినవ్. గవ్వి గూడ వంకర టింకర. ఇరవైమూడే ఉండె. ఇంకో రెండు జోడిచ్చి, అయిదు అయిదు వరసకు పెట్టి, సక్కగ జేసిన."

సుభద్ర ముగ్గువంక చూడలేదు. నావంక చూసింది. "మామయ్యా, ఎవరితో ఏం చెప్పావు?"

చెప్పాను. అంత మంచి అబద్ధం అంత పేలవంగా నేనెప్పుడూ చెప్పి ఉండను. మరచెంబులో నీళ్ళు తెచ్చి ఒక మూల కడగబోయాను.

"కడిగితె పోదు సారూ, ఫికర్ చెయ్యకుండ్రి," అని ఇంకొకామె ధైర్యం చెప్పింది. "గట్టిగ అలికినం. వానలు పడేదాక గట్లనే ఉంటది."

సుభద్ర నేలమీద కూలబడి ఏడ్చింది. ఎల్లవ్వ పక్కన గొంతుక్కూర్చుని, "ముగ్గు మంచిగ లేదా?" అని అడిగింది. ఆ పిల్ల ఏడుస్తూనే అంతా చెప్పింది. మచ్చలు, సారుగారు, సంతకం, ఎనిమిది గంటలు, అలుకు కింద పోయిన పన్నెండు చుక్కలు.

"గంతేనా? గా చుక్కలేగా నీకు గావల్సింది?" ఎల్లవ్వ ముగ్గుడబ్బా తీసుకుని తన వాకిట్లోకి నడిచింది. చిటికెడు చిటికెడు పిండి వదులుతూ నేలమీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి ఇక్కడ, ఒకటి అంత దూరాన, రెండు పక్కపక్కన. ఇరవైమూడు.

"ఇవన్నీ గుర్తున్నాయా అవ్వా?" అన్నాను.

"ముగ్గు ఒక్కపాలి జూస్తె మరువ. గింత అడ్డదిడ్డంగ పెడ్తె మరుస్తనా సారూ? కండ్లల్ల గుచ్చుకున్నయి."

సుభద్ర కళ్ళు తుడుచుకుని, పొద్దున సగం బండ ఎక్కించిన కాగితాన్ని ఆ చుక్కలమీద పరిచింది. పల్చని కాగితం కదా, కింది పిండిచుక్కలు పైకి కనిపించాయి. పదకొండు చుక్కలూ పదకొండు మచ్చల నడుమన పడ్డాయి. వేలెడు తేడా లేదు. అతిశయోక్తి అలవాటున్న నేనే చెబుతున్నాను.

అప్పుడు పిల్లకు ఏడుపు పూర్తిగా ఆగి, ముఖంలో ఇంకేదో వచ్చింది. కాగితం తీసేసింది. "అవ్వా, వీటిని సరిచెయ్యకు. వంకరగానే ఉంచి, ఒక్కో చుక్కకు ఒక్కో ఇల్లు వచ్చేటట్టు నడుమ గీతలు వెయ్యి."

"ఒకదాని ఇంట్లకు ఇంకోటి పోవద్దు. గంతే గద?" అని ఎల్లవ్వ వంగింది. చేతిలోంచి పిండి దారంలా దిగింది. మధ్యలో ఒకసారి కూడా ఆగలేదు, నడుము ఎత్తలేదు. సుభద్ర మళ్ళీ కాగితం పరిచింది. బండమీద నూరేళ్ళో ఇన్నూరేళ్ళో పట్టి లైకెన్లు గీసుకున్న అంచులమీద ఎల్లవ్వ పిండిగీత పోయింది. ఆమె ఆ అంచులను పట్టి చూసింది లేదు. అలికేటప్పుడు చూసింది చుక్కలనే.

ఒక్కచోట మాత్రం తప్పింది. అక్కడ గీత ఒకచోట, మచ్చ అంచు జానెడు అవతల. సుభద్ర ముఖం మళ్ళీ పడిపోయింది. ఎల్లవ్వ కాగితంమీదికి వంగి చూసింది.

"గిదా? గీ మచ్చ ముందుగాల పుట్టినట్టుంది. పక్కది ఎనకొచ్చింది. ముందొచ్చినోళ్ళు జాగ ఎక్కువ పట్టుకుంటరు. మా ఊర్ల గట్లనే."

సుభద్ర అదీ రాసుకుంది. తరవాత నేలమీది పన్నెండు చుక్కలనూ గీతలనూ రెండో కాగితంమీదికి ఎక్కించి, "అంచులు అలుకు కింద ఉన్నాయి, ఇవి ఎల్లవ్వ గీసినవి" అని పక్కన నిజం రాసింది. ఆ ఒక్క వాక్యం రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదని నేను సలహా ఇచ్చాను. పిల్ల వినిపించుకోలేదు.

ఇక నా వంతు. "అవ్వా, రేపు ఢిల్లీనుంచి ఎవరూ రావడం లేదు. నేనే అన్నాను" అన్నాను.

"ఎవ్వరు రారా? మరి గింత అలుకు ఎవలికి?" ఆడవాళ్ళందరూ నన్ను చూసిన చూపుకు ఆ పప్పుగిన్నె బండ కింద దూరి ఉండిపోదామనిపించింది. ఎల్లవ్వ చేతుల పిండి దులుపుకుంది. "పోనీ తియ్యి. గీ పిల్లొచ్చింది గద, గీమెకే అనుకుంటం. నువ్వు మాత్రం జర దూరం జరుగు సారూ."

ఎల్లవ్వ అల్లుడు మదీనాగూడకు గడ్డిబండి తోలుకుపోతుంటే మమ్మల్ని పైన కూర్చోబెట్టారు. బస్సులు పోయే సడకు చేరేసరికి నాలుగూ యాభై. బస్సు అయిదున్నరకు వచ్చింది. నిలబడే చోటు దొరికింది. నా పక్కన గొంగడి వేసుకున్న పెద్దాయన, "కొత్తగూడకు రేపు ఢిల్లీకెల్లి మంత్రులొస్తున్నరట, ఎరుకేనా? నలభై కార్లు. హెలికాప్టర్ దిగనీకె జాగ సాఫ్ చేస్తున్నరు" అన్నాడు.

"నలభయ్యా? పద్నాలుగు కదా?" అన్నాను.

"నీకేం ఎరుక? మా మేనల్లుడు కండ్లార సూసిండు."

అంత గట్టిగా చెప్పేసరికి నాకే అనుమానం వచ్చింది. హెలికాప్టరు సంగతి నాకు తట్టనందుకు మూసాపేట దాకా బాధపడ్డాను.

అమీర్‌పేటలో దిగి లెక్చరరుగారి ఇల్లు పట్టుకునేసరికి ఏడుంబావు. ఆయన బనీనుతో వరండాలో కూర్చుని ఉన్నారు. కాగితాలు చూశారు, భూతద్దం పెట్టి చూశారు. రికార్డు అట్టమీద పచ్చగా ఏదో కనిపిస్తే దగ్గరగా వంగి, "ఇది ఏ జాతి?" అన్నారు.

"పేడండీ," అంది సుభద్ర.

ఆయన వెనక్కి జరిగారు. జరిగిందంతా విని తల అడ్డంగా ఊపారు. "ఒక ముసలావిడ ఒకసారి గీస్తే రుజువు కాదమ్మా. ఇంకొకరు గీసినా ఇదే రావాలి. పైగా నీ మచ్చలు ఆవిడకు ముందే చూపించి ఉండవచ్చు." నాకు కోపం వచ్చింది కాని సుభద్రకు రాలేదు. "నిజమేనండీ" అంది. ఏడున్నర అయింది. ఆ వేళప్పుడు ఇంకొకరిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

లోపలినుంచి ఆయన భార్య కాఫీ తెచ్చారు. ఆవిడది గోదావరి జిల్లా మాట. సుభద్ర ఉన్నట్టుండి చుట్టలో మిగిలిన కాగితం తీసి, మచ్చల కాగితంనుంచి మొదటి పదకొండు చుక్కలు మాత్రం దానిమీదికి ఎక్కించి, దాన్ని ఒక్కదాన్నే నేలమీద పరిచి ఊరుకుంది. ఆవిడ కాఫీ గ్లాసు నా చేతికి ఇస్తూ ఆ కాగితంవంక చూశారు. రెండో గ్లాసు ఇస్తూ మళ్ళీ చూశారు.

"అదేమిటమ్మా, చుక్కలు పెట్టి అలా వదిలేశావు?" అని పళ్ళెం కింద పెట్టి కూర్చున్నారు.

"ఒక్కో చుక్కకు ఒక్కో ఇల్లు రావాలండీ. నాకు రావడం లేదు," అంది పిల్ల. అబద్ధం ఆడటంలో నా మేనకోడలే.

ఆవిడ భర్తగారి చేతిలోంచి పెన్సిలు లాక్కుని, రెండు నిమిషాల్లో గీసి ఇచ్చారు. లెక్చరరుగారు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, మచ్చల కాగితాన్ని తానే దానిమీద పరిచారు. అంచులన్నీ కలిశాయి. ఒక్కచోట తప్పింది. ఆయన భూతద్దం అక్కడే ఆగిపోయింది.

"తప్పు కూడా అదేచోట వచ్చింది," అన్నారు మెల్లగా.

"ఆ మచ్చ ముందు పుట్టిందండీ. అందుకని చోటు ఎక్కువ తీసుకుంది."

"ఎవరు చెప్పారు?"

"ఎల్లవ్వ చెప్పింది."

ఆయన ఇంకా భూతద్దంలోంచే చూస్తున్నారు. ఆవిడే, "పిల్ల పొద్దుటనుంచి తిరిగి తిరిగి వచ్చింది. సంతకం పెట్టి పంపండి" అన్నారు. ఆయన రికార్డు ఒళ్ళో పెట్టుకున్నారు. "పరిశీలకుల పేర్లు రాయాలి. ఎల్లవ్వగారి ఇంటిపేరు ఏమిటి?" మేం అడగలేదు. "ఎల్లవ్వ, కొత్తగూడ" అని రాశారు. దాని కింద భార్య పేరు, ఇంటిపేరుతో సహా రాశారు. ఆ కింద సంతకం పెట్టారు. ఏడూ యాభై రెండు.

కొత్తగూడ వెళ్ళదలచినవారు పొద్దుటి పాసింజరుకే వెళ్ళండి, పులిహోర తీసుకువెళ్ళండి. ఢిల్లీవాళ్ళ గురించి అక్కడ ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. సుద్దముక్కతో చుక్క పెడితే, దాని పక్కన కాపలా కూర్చోండి.

ఇంటికి వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. ముందు ఎక్కినవాళ్ళు కాళ్ళు చాపుకుని ఉన్నారు, వెనక ఎక్కినవాళ్ళం మిగిలిన సందుల్లో సర్దుకున్నాం. బండకీ ముగ్గుకీ బస్సుకీ తేడా ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. సుభద్ర ఎలాగో ఒక కడ్డీకి ఆనుకుని రికార్డు వెనకపేజీ తెరిచింది. తలలు చూస్తూ చుక్కలు పెడుతోంది. డ్రైవరు ఒకటి, కండక్టరు రెండు, బుట్ట పట్టుకున్న ఆవిడ మూడు.

"మామయ్యా, కదలకు. నువ్వు పదిహేడో చుక్కవి."

ఖైరతాబాదునుంచి నారాయణగూడ దాకా కదల్లేదు. అంతసేపూ ఎవరితోనూ ఒక్కమాట కూడా మాట్లాడలేదు. పైన రాసినదాంట్లో మీకు నమ్మశక్యం కానిది ఏదైనా ఉంటే, అది ఇదే అయి ఉంటుంది.